కవుల ముచ్చట్లకు తేదీ, చోటు, సాక్షి కావాలి

సంపాదకులకు నమస్కారం.

జయంతులూ వర్ధంతులూ వచ్చినప్పుడల్లా మన బెజవాడ, గుంటూరు రచయితల చిత్రమైన అలవాట్ల గురించి పత్రికల్లో ముచ్చట్లు అచ్చవుతుంటాయి. ఎవరు ఎంత కోపిష్టి, ఎవరు సభలో ఎవరిని ఎంత మాట అన్నారు, ఎవరు ఊరు వదిలి పొమ్మన్నా పోలేదు అంటూ. పాఠకులు ఇష్టంగానే చదువుతారు. ఇబ్బంది ఏమిటంటే ఆ ముచ్చట్లలో ఊరి పేరు ఉంటే సంవత్సరం ఉండదు, సంవత్సరం ఉంటే చూసినవారి పేరు ఉండదు. అందువల్ల ఒకరి మీద పుట్టిన మాట మరొకరి మీదికి ఎక్కుతోంది. చివరికి మన రచయితలందరూ ఒకే రకం తిక్కమనుషులుగా మిగులుతున్నారు. చూసినవాళ్లు, రాసిపెట్టినవాళ్లు, ప్రూఫులు దిద్దినవాళ్లు ఇంకా కొందరైనా మన మధ్య ఉన్నారు. వారిని అడిగి ఈ ముచ్చట్లను సరిచూసి రాసిపెట్టే పని ఈ నాలుగైదేళ్లలోనే జరగాలి. ఎలా జరగాలో మాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాం.

ముందు తేదీల సంగతి. ఏ ముచ్చటకైనా మొదటి పరీక్ష ఇదే. ఆ మనిషి ఆనాడు ఆ ఊళ్లో ఉన్నాడా? విశ్వనాథ సత్యనారాయణ గారు గుంటూరు ఏ.సి. కాలేజీలో పనిచేశాక 1938లో బెజవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కాలేజీకి వచ్చి 1959 దాకా ఉన్నారు. ఆ తర్వాత కరీంనగర్‌లో ప్రిన్సిపాలుగా వెళ్లారు. కనుక 1960లో బెజవాడ తరగతి గదిలో ఆయన పాఠం చెబుతూ ఫలానా మాట అన్నారని ఎవరైనా చెబితే, సంవత్సరమైనా తప్పు, చోటైనా తప్పు. జ్ఞానపీఠం ఆయనకు 1970వ సంవత్సరానికి వచ్చింది. ఆయన కన్నుమూసింది 1976 అక్టోబరులో. ‘జ్ఞానపీఠం వచ్చాక ఒకసారి’ అని మొదలయ్యే ప్రతి ముచ్చటా ఆ ఆరేళ్ల లోపు ఇమడాల్సిందే.

చలం గారు 1950లో అరుణాచలం వెళ్లిపోయారు. ప్రకాశం బ్యారేజీ 1957లో తెరిచారు. అంతకుముందు అక్కడున్నది 1855 నాటి ఆనకట్ట, అది 1952లో తెగింది. బెజవాడలో కాపురమున్న రోజుల చలాన్ని బ్యారేజీ మీద నడిపించే ముచ్చట నిలవదు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బెజవాడ వాసిగా చలానికి ఆ కేంద్రంతో ఏ పేచీ ఉన్నా 1948 చివర నుంచి 1950 మొదటి దాకా ఉన్న కాస్త వ్యవధిలోనే పడాలి. ‘మాదీ స్వతంత్ర దేశం’ పాట 1947 ఆగస్టు 15న ప్రసారమైంది. ఆ పాట రాసిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు తర్వాత విజయవాడ కేంద్రానికి ప్రాణంగా నిలిచారు కాబట్టి ఆ పాటను కూడా ఇక్కడి ఖాతాలో వేసుకోవాలనిపిస్తుంది. కానీ ఆనాటికి ఇక్కడ కేంద్రమే లేదు, అది మద్రాసు రేడియో పాట. జాషువ గారు రేడియోలో పనిచేసింది కూడా మద్రాసులోనే, 1957 నుంచి 1959 వరకు. ‘రేడియో స్టేషన్లో’ అన్న మాట వినబడగానే ఏ ఊరి స్టేషనో అడిగి రాసుకోవాలి.

పెద్దవాళ్లకు సంవత్సరాలు గుర్తుండవు. అది వాళ్ల తప్పు కాదు, అడిగే తీరు మార్చాలి. ‘ఏ సంవత్సరం?’ అని నిలదీస్తే మొహమాటానికి ఏదో ఒక అంకె చెబుతారు, ఆ అంకె అచ్చులోకి వెళ్లి స్థిరపడిపోతుంది. ‘జై ఆంధ్ర ఉద్యమానికి ముందా వెనకా? దివిసీమ ఉప్పెన నాటికి ఆయన ఉన్నారా? కృష్ణా పుష్కరాలు అయ్యాయా?’ అని అడగండి. జై ఆంధ్ర 1972–73. ఉప్పెన 1977 నవంబరు 19. పుష్కరాలు 1980, 1992, 2004. ఇలాంటి రెండు గుర్తుల మధ్య సంఘటన ఇరుకున పడితే చాలు, ఏడాది రెండేళ్ల తేడాతో కాలం తేలిపోతుంది. పెళ్లిళ్లు, పిల్లల పదో తరగతి, ఇల్లు మారడం కూడా అంతే గట్టి గుర్తులు.

వీధుల పేర్లు మరో చిక్కు. ఏలూరు రోడ్డు, కారల్ మార్క్స్ రోడ్డు ఒక్కటే. బందరు రోడ్డు, మహాత్మాగాంధీ రోడ్డు ఒక్కటే. పి.డబ్ల్యు.డి. గ్రౌండ్స్ అన్నా, స్వరాజ్ మైదానం అన్నా ఇప్పుడు అంబేడ్కర్ స్మృతివనం ఉన్న చోటే. ఊరికి కొత్తవాళ్లు ఇవి వేర్వేరు అనుకుని ఒకే సభను రెండు సభలుగా రాస్తారు. గుంటూరు బ్రాడీపేటలోనైతే లైను నంబరుతో పాటు అడ్డరోడ్డు నంబరు కూడా ఉండాలి. ఒక్క లైను నంబరు పట్టుకుని ఇల్లు వెతకలేం. చెప్పినవారి నోట ఏ పేరు వచ్చిందో అదే రాసి, పక్కన ఇప్పటి పేరు వేయాలి. పాత పేరు కొట్టేసి కొత్తది పెడితే ఆ మాట ఏ కాలం నాటిదో తెలిపే ఆధారం పోతుంది.

రచయితల పేర్లు అంతకంటే చిక్కు. ఉషశ్రీ అంటే పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు గారు. కరుణశ్రీ అంటే జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు. ఆయన గుంటూరు ఏ.సి. కాలేజీలో తెలుగు చెప్పారు. ఒక్క ‘జంధ్యాల’ అని రాస్తే నేటి పిల్లలు సినిమా దర్శకుణ్ని తలచుకుంటారు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో ‘పురాణం సీత’ పేరుతో ఇల్లాలి ముచ్చట్లు రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు. ‘సీతగారు మా వీధిలో కనిపించేవారు’ అని ఎవరైనా అంటే వాళ్లు శ్రీమతిని చూశారో శర్మగారిని చూశారో కనుక్కోవాలి. జాబితాలో ఇంటిపేరు కింద ఒక చీటీ, కలంపేరు కింద ఒక చీటీ, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి చూపే గుర్తు, ఈ మూడూ ఉంటేనే తర్వాతివాళ్లకు పనికొస్తుంది.

ఇక మాట రికార్డు చేయడం. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోను ఉంది, పరికరం కొరత లేదు. చెడేదంతా గదిలోనే. బెజవాడ ఎండల్లో ఫ్యాను ఆపితే పెద్దవాళ్లు కూర్చోలేరు, ఆపకపోతే హోరు తప్ప మాట వినబడదు. అందుకని ఈ పని నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, ఉదయం టిఫిన్ అయ్యాక పెట్టుకోవాలి. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగు ఆగిపోతుంది. బల్ల మీద నేరుగా పెట్టకుండా మడిచిన తువ్వాలు మీద, మాట్లాడేవారికి జానా రెండు జానల దూరంలో ఉంచాలి. రెండో ఫోను కూడా ఆన్ చేసి ఉంచితే మంచిది. నాణ్యత ఎంపికలో అన్నిటికంటే పైది పెట్టండి. మొదటి మాటగా తేదీ, స్థలం, మాట్లాడేవారి పేరు, రికార్డు చేయడానికి వారి అనుమతి, ఈ నాలుగూ గొంతుతోనే చెప్పించాలి. కాగితం మీద రాసుకున్న వివరం ఫైలు నుంచి విడిపోతుంది, గొంతులో ఉన్నది విడిపోదు. ఒక విడత నలభై, యాభై నిమిషాలు దాటకూడదు. ఆ తర్వాత మనిషి అలసిపోయి పాత మాటలే తిప్పి చెబుతారు. గంట మాటను కాగితం మీద పెట్టడానికి ఐదారు గంటలు పడుతుంది, ముందే తెలిసి దిగాలి. రాసేటప్పుడు కృష్ణా గుంటూరు యాసను దిద్దొద్దు. ‘ఏందయ్యా’ అన్నది ‘ఏమిటండీ’గా మారితే మనిషే మారిపోతాడు.

ప్రశ్నలు వేయడంలో పెద్ద పొరపాటు ఒకటుంది. ‘ఆయన చాలా కోపిష్టి కదండీ?’ అంటే ఎవరైనా అవుననే అంటారు. ఆ ప్రశ్నలో జవాబు మనమే పెట్టాం. వస్తువుల గురించి అడగండి. ఏ కలం, ఏ సిరా, ఏ కాగితం? ఒకవైపే రాసేవారా, రెండువైపులా? నడకకు ఏ దారి? బందరు కాలవ గట్టా, ఏలూరు కాలవా, రైవస్ కాలవా? ఏలూరు రోడ్డులో ఏ పుస్తకాల కొట్టు ముందు ఎంతసేపు నిలబడేవారు? లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొనేవారా, చదివి పెట్టేసేవారా? ఊరు దాటి వెళ్లాల్సి వస్తే ఏమనేవారు? సన్మానానికి రమ్మంటే రైలెక్కేవారా? ఊరి మీద ప్రేమ ఎవరి నోటా ‘నాకు ఈ ఊరంటే ప్రేమ’ అన్న మాటగా రాదు. రోజూ తొక్కిన దారిలో, మారని అద్దె ఇంట్లో, వేసవిలో కూడా కదలని మొండితనంలో అది దొరుకుతుంది. అలాంటి పదిహేను ఇరవై ప్రశ్నలతో వెళితే కోపం, ఉదారం, చాదస్తం అన్నీ అడగకుండానే బయటపడతాయి. ప్రతి జవాబు పక్కనా చూసిందా, విన్నదా, ఎక్కడైనా చదివిందా అన్న గుర్తు వేయాలి. ఈ మూడూ కలిసిపోవడం వల్లే ఇన్ని ముచ్చట్లు పాడయ్యాయి.

ఇంట్లో ఆడవాళ్లను విడిగా అడగాలి. భర్తో కొడుకో పక్కన ఉంటే జవాబు వాళ్లే చెప్పేస్తారు. శుద్ధప్రతి ఎవరు రాశారు, అర్ధరాత్రి వచ్చిన కవిమిత్రులకు పొయ్యి ఎవరు వెలిగించారు, డబ్బు లేనప్పుడు ఏది తాకట్టు వెళ్లింది, ఇవన్నీ వంటింటి జ్ఞాపకాలు. వాళ్ల పేర్లు కూడా సాక్షులుగా రాయాలి. ‘శ్రీమతి ఫలానా వారి సతీమణి’ అని వదిలేయడం అన్యాయం.

ఏ ముచ్చట ఉంచాలి, ఏది పక్కన పెట్టాలి అన్న విషయంలో మాకు గట్టి అభిప్రాయమే ఉంది. రచనను అర్థం చేసుకోవడానికి పనికొచ్చే అలవాటు ముందు వరసలో ఉండాలి. విశ్వనాథ వారు తాము చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాయగా ‘వేయిపడగలు’ తయారైంది. అది చెప్పుకుపోయిన నవల అని తెలిస్తే అందులోని దీర్ఘమైన ఊపిరి, కథ వదిలి శాస్త్రచర్చలోకి మళ్లే ధోరణి వేరుగా కనిపిస్తాయి. నన్నయకూ తిక్కనకూ దక్కని భోగం, తనవంటి శిష్యుడు దొరకడం, తన గురువు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారికి దక్కిందని ఆయన రామాయణ కల్పవృక్షంలో పద్యమే రాసుకున్నారు. ఆయన ఆత్మవిశ్వాసానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అచ్చులో ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని వదిలేసి, ఎవరో ఎక్కడో విన్నామన్న పొగరుమాటలు పోగేయడం దేనికి?

జాషువ గారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆయన ఇంటిపేరు ‘గుర్రం’ మీద, వేదిక మీద పక్కన కూర్చున్న పెద్దకవి అన్న మాట మీద ఒక చమత్కారం ఊరూరా తిరుగుతోంది. చెప్పేవాళ్లు తేదీ చెప్పరు, సభ పేరు చెప్పరు. అది జరిగిందో లేదో తేల్చడం ఒక పని. అంతకంటే ముఖ్యం, దాన్ని మనం చెప్పే తీరు. జాషువ ఎంత చురుకుగా జవాబిచ్చారో చెప్పి నవ్వి ఊరుకుంటాం. ఆ జవాబు అవసరమైన అవమానం మాత్రం ముచ్చటలోంచి జారిపోతుంది. 1941లో ‘గబ్బిలం’ రాసిన కవికి అంటరానితనం చమత్కారం కాదు. ఆ కావ్యంలో సందేశం పంపడానికి గబ్బిలాన్నే ఎంచుకోవలసి వచ్చిన మనిషి బాధ ఆ నవ్వులో మునగకూడదు. ఆయన కుర్రతనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పే వ్యాఖ్యాతగా పనిచేశారు. ఆయన పద్యం చదివితే జనం ఎందుకు కదలకుండా వినేవారో అడిగేటప్పుడు ఈ వివరం దగ్గర పెట్టుకోవాలి. ఇది పద్యానికి సంబంధించిన ముచ్చట. ఇలాంటివి ఎన్ని దొరికితే అంత మంచిది.

కాగితాల సంగతి కొస్తే, ఉత్తరాలే అన్నిటికంటే నమ్మదగిన సాక్షులు. పోస్టుకార్డు మీద తపాలా ముద్ర ఉంటుంది, అందులో ఊరూ తేదీ ఉంటాయి. ఆల్బముల కోసం పిల్లలు బిళ్లలు కత్తిరించినప్పుడు ముద్ర కూడా పోతుంది, కవరు బోసిగా మిగులుతుంది. ముద్ర చెరిగిపోయినా ఆధారాలు ఉంటాయి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిది. పుస్తకం అట్ట మీద వెల అణాల్లో ఉంటే దాదాపుగా 1957 ఏప్రిల్‌కు ముందుది, నయాపైసల్లో ఉంటే తర్వాతిది. ఫొటో తీసేటప్పుడు కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, రెండు వైపులా, పక్కన స్కేలు పెట్టి తీయాలి. ఖాళీగా కనిపించే వెనకవైపు వదిలేస్తే పెన్సిలుతో రాసిన తేదీ పోతుంది.

ప్రేమతో చేసే పనుల వల్లే కాగితాలు ఎక్కువగా పాడవుతున్నాయి. లామినేషన్ చేస్తే మళ్లీ విప్పలేం, వేడికి సిరా కూడా మారుతుంది. సెల్లోటేపు జిగురు మన ఎండలకు కరిగి కాగితంలోకి దిగి గోధుమరంగు పట్టీ అవుతుంది. చిరిగింది చిరిగినట్టే కాగితపు మడతలో పెట్టడం మేలు. గుండుసూదులు, పిన్నులు తుప్పు పట్టకముందే తీసేయాలి. వేపాకు పుటల మధ్య పెడితే మరకలు పడతాయి. ట్రంకుపెట్టెను నేలమీద పెట్టకండి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు సింగ్‌నగర్ వైపు ఇళ్లను ముంచినప్పుడు కింది అరల్లోవే ముందు పోయాయి.

తడిసిన పుస్తకానికి రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. బురద అంటితే పుస్తకం మూసిపట్టుకునే మంచినీటితో పైపైన కడగాలి, తెరవకూడదు. ఎండలో పడేస్తే అట్ట వంకరపోయి పుటలు అంటుకుంటాయి. నీడలో, ఫ్యాను గాలికి, పది పదిహేను పుటలకొకటి చొప్పున తెల్ల న్యూస్‌ప్రింట్ పెట్టి, తడిసిన కాగితం మారుస్తూ ఉండాలి. అచ్చుపడిన పత్రిక కాగితం పెడితే దాని సిరా దిగుతుంది. ఒకేసారి చాలా తడిస్తే పాలిథిన్ సంచుల్లో విడివిడిగా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కొన్ని కొన్ని చొప్పున తీసి ఆరబెట్టుకోవచ్చు. నున్నటి ఆర్టు కాగితం పుటలు మాత్రం ఒకసారి అతుక్కుని ఎండితే విడదీయలేం. వాటిని మొదట చేపట్టాలి.

రేడియో వాళ్ల ఇళ్లలో, అభిమానుల ఇళ్లలో పాత క్యాసెట్లు ఉన్నాయి. బూజు కనిపిస్తే ప్లేయర్‌లో వేయొద్దు, హెడ్డు పాడై మిగతా క్యాసెట్లకూ అంటుతుంది. టేపును హెడ్డుకు ఒత్తిపట్టే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోతే శబ్దం మందగిస్తుంది. మరలు విప్పే రకం కొత్త డొక్కులోకి రీళ్లు మార్చితే సరిపోతుంది. మొదటిసారి వినడమే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ వినాలి, రెండోసారికి టేపు నిలవకపోవచ్చు.

హక్కుల విషయం చాలామంది పట్టించుకోరు. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని రచన హక్కు రాసినవారిది, వారి తర్వాత వారసులది. మన చట్టం ప్రకారం రచయిత బతికుండగా అచ్చైన రచనల మీద హక్కు ఆయన పోయిన సంవత్సరం ముగిశాక మరో 60 ఏళ్లు నిలుస్తుంది. 1950లో పోయిన చెళ్లపిళ్ల వారి రచనల మీద హక్కు 2010తో ముగిసింది. 1971లో పోయిన జాషువవి 2031 చివరిదాకా, 1976లో పోయిన విశ్వనాథవి 2036 చివరిదాకా, 1979లో పోయిన చలానివి 2039 చివరిదాకా వారసుల చేతుల్లోనే ఉంటాయి. అచ్చుకాని ఉత్తరాల లెక్క వేరు, అవి ఎప్పుడు అచ్చైతే అప్పటినుంచి మొదలవుతుంది. అందువల్ల అచ్చేసే ముందు కుటుంబం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. తర్వాత వచ్చే తగవుల వల్లే ఎన్నో మంచి ఉత్తరాలు మళ్లీ బీరువాల్లోకి వెళ్లిపోయాయి.

మీ పత్రిక చేయగలిగింది రెండు పనులు. మొదటిది, జిల్లా పేజీల పాత సంచికలు. సాహిత్య సభల వార్తలు వచ్చేది వాటిలోనే, కానీ చాలాచోట్ల గ్రంథాలయాల్లో బైండు చేసేది ప్రధాన సంచికనే. కృష్ణా, గుంటూరు జిల్లా పేజీల ఫైళ్లను, వాటిలోని ఫొటోలను వెనక రాసిన వివరాలతో సహా గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయంలోనో, గవర్నరుపేట రామమోహన గ్రంథాలయంలోనో, గుంటూరులో ఒక చోటనో చూసుకునే వీలు కల్పించండి. రెండోది, వారానికి ఒక ముచ్చట, నూటయాభై పదాలు మించకుండా. ముచ్చట కింద నాలుగు గడులు: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు, ఇంకెవరి మీదైనా ఇదే మాట చెప్పుకుంటారా. మొదటి మూడు గడుల్లో రెండైనా నిండకపోతే అచ్చు వేయొద్దు. ఎవరైనా సరిదిద్దుతూ ఉత్తరం రాస్తే అదే చోట, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలో ఇందుకోసం ఒక బల్ల, రెండు కుర్చీలు అడుగుదాం. అక్కడ రికార్డింగు పెట్టకూడదు, మైకుల గోలలో ఏదీ నిలవదు. పాత కంపోజిటర్లు, ప్రూఫ్ రీడర్లు, బైండర్లు, రేడియోలో పనిచేసినవారు, గ్రంథాలయాల సహాయకులు ఆ పదిరోజుల్లో ఏదో ఒక సాయంత్రం అటు వస్తారు. వాళ్ల పేరు, ఇంటి గుర్తు, ఏ రచయితను ఏ కాలంలో ఎరుగుదురు, ఏ పూట వీలు, ఇవి మాత్రం ఒక పుస్తకంలో రాయించుకోవాలి. ఎనభై దాటినవాళ్ల ఇళ్లకు ముందు వెళ్లాలి. మహోత్సవం ముగిసిన మర్నాటి నుంచే, ఫ్యాను అవసరం లేని చలి రోజులు ఉండగానే.

ఇట్లు,
కొందరు పాఠకులు,
గవర్నరుపేట, విజయవాడ.